కాంటా మున్షీకి నేర్పిన జంటమాటలు

ఇంగ్లీషు టీచర్లుగా చేరబోతున్న పిల్లలు కొందరు మొన్న ఇంటికి వచ్చి, "సార్, మీ అనుభవం చెప్పండి" అన్నారు. నోటితో చెబితే మధ్యలో నాకు కోపం వస్తుంది, విషయం పక్కకు పోతుంది. అందుకే రాస్తున్నాను. ఏ స్కూల్లో ఎన్నేళ్లు చేశాను, ఎప్పుడు హెడ్‌మాస్టరునయ్యాను అన్నవి రాయను. అవి మీకు పనికిరావు. ఒక మనిషికి పరాయి భాష నేర్పడమంటే ఏమిటో నాకు తెలిసినంత రాస్తాను. అది సంతోషంగా ఉండదు. ముందే చెబుతున్నాను.

నాకు అక్షరం వచ్చిన చోటు

మాది రుద్రూర్ పక్కన పల్లె. మా బాపు చెరుకు బండి తోలేవాడు. నేనూ తోలాను. మీసాలు వచ్చేదాకా నాకు ఏ భాషలోనూ అక్షరం రాదు. రుద్రూర్‌కూ బోధన్‌కూ మధ్య నాటు చక్కెర చేసే చిన్న మిల్లు ఒకటి ఉండేది. ఇప్పుడు దాని గోడలు కూడా లేవు. మిల్లు ముందు చెరుకు బండ్లు తూచే కాంటా, దాని పక్క గదిలో రహీం మున్షీ. బండి కాంటా ఎక్కగానే తూకం చూసి ఉర్దూలో రాసుకునేది ఆయనే. సీజన్లో బండ్ల వరస రోడ్డు దాకా ఉండేది. మన వంతు వచ్చేసరికి పొద్దు వాలేది. అట్లా ఊరికే కూర్చున్న నన్ను ఒకనాడు ఆయన పిలిచాడు.

"అరే నర్సయ్యా, ఎడ్లకు మేతేసినవ్. నువ్వు తిన్నవ్. ఇంక చేసేది లేదు గద. ఇటు రా, నీ పేరు రాయి."

"నాకు రాదు సాబ్."

"రాదనే పిలుస్తున్న. వచ్చినోన్ని పిలిచి ఏం జేస్త?"

బండి పలక మీద బొగ్గుతో రాసి చూపించాడు. ఆ సీజన్ అయిపోయేసరికి ఉర్దూలో నా పేరు, మా బాపు పేరు, ఎడ్ల పేర్లు రాయగలిగాను. తర్వాత తెలుగు, తర్వాత ఇంగ్లీషు, ప్రైవేటుగా మెట్రిక్, ఆ తర్వాత బోధన్‌లో టీచరు ఉద్యోగం. ఎంత దూరం వచ్చినా ఆయన్ను ఉస్తాద్ అనే పిలిచాను. ఆయన నన్ను అరే నర్సయ్యా అనడం మాత్రం, నేను టీచరునైన రోజు మానేశాడు. మాస్టర్ అనేవాడు. వద్దన్నా వినలేదు.

పుస్తకం ఎక్కడ తప్పుతుంది

యాభై ఆరులో రాష్ట్రాలు కలిసిన తర్వాత కాగితాల భాష మారింది. ఉర్దూలో చదివి, ఉర్దూలో రాసి, అదే తిండిపెడుతుందనుకున్నవాళ్లు మళ్లీ మొదటి నుంచి నేర్చుకోవాల్సి వచ్చింది. గుమాస్తాలు, కాంపౌండర్లు, పోస్టాఫీసు వాళ్లు సాయంత్రాలు నా దగ్గరికి వచ్చేవాళ్లు. నెరిసిన గడ్డాలతో స్కూలు బెంచీల్లో ఇరుక్కుని కూర్చునేవాళ్లు. వాళ్ల వల్లే నాకు ఒక సంగతి తెలిసింది. మన పాఠ్యపుస్తకం తప్పు దగ్గర మొదలవుతుంది.

పుస్తకం మొదట "దిస్ ఈజ్ ఎ క్యాట్" నేర్పుతుంది. నలభై ఏళ్ల గుమాస్తాకు పిల్లిని చూపించి ఇది పిల్లి అని చెప్పే అవసరం జన్మలో రాదు. అతనికి కావలసింది జరిగిపోయిన సంగతి చెప్పడం. బండి వచ్చింది, తాడు తెగింది, ఆఫీసర్ అడిగాడు, నేను చెప్పాను. కూడు పెట్టే ఇంగ్లీషంతా జరిగిపోయిన ఇంగ్లీషే. కాబట్టి అక్కడ మొదలుపెట్టండి.

రెండో సంగతి. జరిగిన పనిని చెప్పే మాట ఇంగ్లీషులో ఒంటరిగా ఉండదు. పక్కన ఒక చిన్నమాట ఉంటుంది. మన తెలుగులో 'కు', 'లో', 'నుంచి' ముందున్న పేరుకు అతుక్కుంటాయి, అడగకుండానే నోట్లోకి వస్తాయి. ఇంగ్లీషులో ఆ చిన్నమాట పనిమాటతో కాపురం చేస్తుంది. వెయిటెడ్ అంటే ఫర్ రావాలి. లిజన్డ్ అంటే టు రావాలి. డిపెండెడ్ అంటే ఆన్. లుక్డ్ పక్కన ఎట్ ఉంటే చూశాడు, ఫర్ ఉంటే వెతికాడు, ఆఫ్టర్ ఉంటే సాకాడు. నేను వీటిని జంటమాటలు అని చెప్పేవాణ్ణి. ఎందుకు ఆ మాటకు ఆ జంట అని పిల్లలు అడుగుతారు. చాలావాటికి కారణం చెప్పలేం. ఉన్నట్టు కల్పించి చెప్పే టీచరు పిల్లలను మోసం చేస్తున్నాడు. అట్లా అంటారు, అంతే అని చెప్పండి.

ఇంకొక వైపు, జంట అక్కర్లేనిచోట మనవాళ్లు తగిలిస్తారు. రీచ్డ్ టు బోధన్ అంటారు, డిస్కస్డ్ అబౌట్ అంటారు. మన భాషలో బోధన్‌'కు' చేరాలి, దాని 'గురించి' మాట్లాడాలి కాబట్టి. దానికి పిల్లలను కొట్టకండి. వాళ్ల తల్లి నేర్పిన మాట వాళ్లను అటు లాగుతుంది.

జాబితా రాసి బట్టీ పట్టిస్తే ఈ జంటలు నిలవవు. ఏడాదిపాటు నేనూ అదే చేశాను, ఏమీ మిగలలేదు. తర్వాత ఒక పద్ధతి పెట్టుకున్నాను. ముందు పని చేయాలి, చేసిన వెంటనే చెప్పాలి. చేయని పని చెప్పకూడదు. పిల్లలను బస్టాండుకు తీసుకుపోయేవాణ్ణి. బస్సు ఎక్కించి దింపేవాణ్ణి. గాట్ ఆన్, గాట్ ఆఫ్, ర్యాన్ ఆఫ్టర్. కండక్టర్లు తిట్టేవాళ్లు. అప్పటి మా హెడ్‌మాస్టరు నిజామాబాద్ మనిషి, కచ్చితమైనవాడు. నన్ను పిలిపించాడు.

"నర్సయ్యా, పిల్లలను బస్టాండ్ల తిప్పుతున్నవట?"

"ఇంగ్లీషు చెప్తున్న సార్."

"బస్టాండ్ల ఏం ఇంగ్లీషు? ఆడ మరాఠీ తప్ప ఏం వినవడది."

"అందుకే సార్. ఈడైతే నా ఒక్కని ఇంగ్లీషే వినవడ్తది, ఆడ పిల్లలే మాట్లాడాలె."

ఆయన నవ్వలేదు. కానీ ఆపనూ లేదు. పరీక్షల్లో మా తరగతి గట్టెక్కిన తర్వాత ఆయనే ఒకసారి మా వెంట వచ్చి, బస్సు మెట్టు మీద జారి, లేచి, "స్లిప్డ్ ఆన్" అని పిల్లలకు చెప్పి, బట్టలు దులుపుకుని వెళ్లిపోయాడు. మంచి బాస్ అంటే నాకు ఇప్పటికీ ఆయనే గుర్తొస్తాడు.

ఉస్తాద్ వచ్చిన సాయంత్రం

అరవైల్లో ఒక దసరా తర్వాత ఉస్తాద్ నా గది గుమ్మంలో నిలబడ్డాడు. మిల్లు చేతులు మారింది. కృష్ణా జిల్లా నుంచి వచ్చి కాలువ కింద భూములు కొన్న ఒకాయన మిల్లు కూడా కొని, అల్లుణ్ణి మేనేజరుగా పెట్టాడు. ఆ అల్లుడికి ఉర్దూ రాదు. బ్యాంకుకు, చెరుకు ఆఫీసుకు పంపే కాగితాలన్నీ ఇంగ్లీషులో ఉండాలని, కాంటా దగ్గర రోజూ జరిగింది పది వాక్యాల్లో రాసివ్వాలని చెప్పాడట. సంక్రాంతి దాటాక పరీక్ష పెడతాడట. రాకపోతే కాంటా గదికి వేరే మనిషి వస్తాడు. గదితో పాటు మిల్లు ఇచ్చిన ఇల్లు కూడా పోతుంది.

"పెండ్లయి ఆ ఇంట్లకే తెచ్చుకున్న మీ ఆపాను," అన్నాడు. "ముసలితనంల సామాను బండి మీదేసుకుని యాడికి పోవాలె?"

ఆయన భార్యను మేమందరం ఆపా అనేవాళ్లం. అక్క అన్నమాట. పిల్లలు లేరు. ఆమె పరదాలో ఉండేది. నేను బండి తోలిన రోజుల నుంచీ ఆమె చేతి చాయ్ తాగాను, ముఖం ఎన్నడూ చూడలేదు.

ఆయన్ను స్కూలు బెంచీలో కూర్చోబెట్టడం నాకు మనసొప్పలేదు. నేనే సాయంత్రం సైకిల్ మీద వాళ్ల ఇంటికి పోయేవాణ్ణి. అక్కడ ముందుగది, లోపలిగదికి అడ్డంగా ఒక దుప్పటి. ఉస్తాద్ చాలా కష్టమైన శిష్యుడు. అక్షరం రాక కాదు, అదబ్, అంటే మర్యాద, ఎక్కువై. "ఐ" అనే మాట ఆయన నోటికి రాదు. ఉర్దూలో మర్యాదస్తుడు తనను తాను ముందు పెట్టుకోడు. బందా హాజరైండు అంటాడు, నేను వచ్చిన అనడు. ఇంగ్లీషులో కూడా "ద సర్వెంట్ కేమ్ బిఫోర్ ద మేనేజర్" అని రాసేవాడు.

"ఉస్తాద్, ఆ సర్వెంట్ ఎవడు?"

"నేనే."

"అయితే నేననే రాయుండ్రి."

"బాగుండదు మాస్టర్. సదివినోడు ఏమనుకుంటడు?"

చేసి చెప్పడం మొదలుపెట్టాం. లేచి గుమ్మం దాకా నడిచేవాడు. "వాక్డ్ టు ద డోర్." బయట మేక మీద అరిచేవాడు. "షౌటెడ్ ఎట్ ద గోట్." దుప్పటి వెనక నవ్వు వినపడేది. కొన్నాళ్లకు ఆపా లోపలి నుంచే అడగడం మొదలుపెట్టింది.

"మాస్టర్, నేను ఈయనను చూసి నవ్విన. దాన్నేమంటరు?"

"లాఫ్డ్ ఎట్ అంటరు ఆపా."

"అది నాకు రోజు పనికొస్తది."

"నువ్వు చాయ్ సంగతి చూడు," అనేవాడు ఉస్తాద్.

"చాయ్ ఎప్పుడో పోసిన. పోర్డ్ ఇన్టు. నువ్వే ఇంకా మేక కాడ ఉన్నవ్."

నిజానికి ఆమెకే ముందు వచ్చాయి. ఆయన తడబడితే లోపలి నుంచి చిన్నమాట వచ్చేది. టు. ఫ్రమ్. ఫర్. ఆయన కోపం నటిస్తూ అదే తిరిగి చెప్పేవాడు. మూలుగుతూ నేర్చుకున్నవాడికి నిలవదు, నవ్వుతూ నేర్చుకున్నవాడికి నిలుస్తుంది అని నేను మీకు చెప్పేది ఆ ఇంట్లో చూసే. సీజన్ మొదలయ్యేసరికి ఆయన "ఐ" అని రాయగలిగాడు. ముందు సన్నగా, భయపడ్డట్టు రాసేవాడు. అయినా రాశాడు.

జ్వరం

సీజన్ మధ్యలో ఆపాకు జ్వరం పట్టుకుంది. తగ్గినట్టే తగ్గి మళ్లీ వచ్చింది. బోధన్ నుంచి కాంపౌండర్ వచ్చి సూది వేశాడు, రెండోసారి వచ్చినప్పుడు సూది తీయలేదు. "ఇది నా చేతుల లేదు, నిజామాబాద్ పెద్ద దవాఖానకు తీస్కపోండ్రి," అన్నాడు.

నేను ఉస్తాద్‌ను పక్కకు పిలిచాను.

"రేపే పోదాం. సెలవడుగుండ్రి."

"సీజన్ల కాంటా ఇడిచి పోతే బండ్లు ఆగిపోతయ్."

"రెండు రోజులు ఎవరో ఒకరు చూస్తరు."

"గదే నా భయం మాస్టర్. ఆ రెండు రోజులు చూసినోడు ఆడనే కూసుంటడు. పరీక్ష ముందట పెట్టుకుని నేను సెలవడిగితే, ముసలోని తోటి కాదని ఆయనకు సాకు నేనే ఇచ్చినట్టు. ఇన్నేండ్ల నౌకరీల ఎన్నడన్న అడిగిన్నా?"

అడగలేదు. నాకు తెలుసు. దాన్ని ఆయన గొప్పగా చెప్పుకునేవాడు. ఆయన తరం నౌకర్లంతా అంతే. సెలవు అడగడమంటే చేయి చాచడం.

మా ఇంటామెను తోడిచ్చి ఆపాను పంపుదామని అడిగి చూశాను. దుప్పటి వెనక నుంచి ఆమే జవాబు చెప్పింది. గొంతు చాలా నీరసంగా ఉంది.

"ఈయన లేకుంట నేను ఎన్నడూ ఊరు దాటలె తమ్మీ. పరీక్ష గానియ్యి. అయినంక ఇద్దరం పోతం."

"పరీక్ష దాకా జ్వరం ఆగుతదా ఆపా?"

"ఇల్లు పోతే జ్వరం తగ్గి ఏం లాభం? యాడ పండాలె?"

నాందేడ్‌లో ఉన్న ఆమె తమ్ముడికి కబురు పంపారు. అతను రావాలి, వచ్చాక తీసుకుపోవాలి. ఆ సాయంత్రం పాఠం వద్దన్నాను. ఆమె ఒప్పుకోలేదు. తలుపు దగ్గరికి మంచం జరిపించుకుని విన్నది. ఉస్తాద్ రెండుచోట్ల తప్పాడు. లోపలి నుంచి ఏ మాటా రాలేదు. ఆయన ఆగి దుప్పటి వైపు చూశాడు. నేను సరిచేశాను.

తమ్ముడు బస్సు దిగేసరికి ఆమె లేదు.

మేనేజరు మాట

మేనేజరు మిల్లు పని వదిలి వచ్చాడు. కుర్రవాడే, చెడ్డవాడు కాదు. బయట గోడ పక్కన ఉస్తాద్ కూర్చుని ఉంటే ఎదురుగా నిలబడి అన్నాడు.

"ఇంత జబ్బుగా ఉందని నాకెవరూ చెప్పలేదండీ. ఒక్క మాట అడిగి ఉంటే నా జీపులోనే నిజామాబాద్ పంపించేవాణ్ణి కదా."

ఉస్తాద్ తల ఎత్తి చూశాడు.

"పంపిస్తుంటిరా?"

"పంపించనాండీ? మనుషులం కాదా?"

ఆ కుర్రవాడు ఓదార్పుగానే అన్నాడు. కానీ ఆ మాట ఉస్తాద్‌ను ఎట్లా నరికిందో పక్కన ఉన్న నాకు కనపడింది. జీపు ఆ నెలంతా కాంటా గది ఎదురుగానే ఆగి ఉండేది. అడిగితే ఇస్తాం అనేవాళ్లు ఆ మాట ముందు చెప్పాలి. పరీక్ష పెడతాను, పీకేస్తాను అన్నది అందరికీ వినపడేట్టు చెప్పి, జీపు సంగతి మనసులో పెట్టుకుంటే కింది మనిషికి ఎట్లా తెలుస్తుంది? మీలో ఎవరైనా రేపు హెడ్‌మాస్టర్లయితే ఇది గుర్తుపెట్టుకోండి. మీ మంచితనం మీ కడుపులో ఉంటే దానివల్ల ఎవరికీ ఉపయోగం లేదు.

పరీక్ష కొన్నాళ్లు ఆగి పెడదామన్నాడు మేనేజరు. ఉస్తాద్ వద్దన్నాడు. "అనుకున్న దినమే పెట్టుండ్రి. దాని కోసమే ఇంత అయ్యింది."

ఆ రోజు నేను కాంటా గది బయట నిలబడ్డాను. ముందురోజు యార్డులో జరిగింది రాయమన్నాడు మేనేజరు. ఉస్తాద్ ఆగకుండా రాశాడు. మేనేజరు చదివి, నన్ను పిలిచి చూపించాడు. బండి చక్రం ఇరుసు నుంచి ఊడింది, చెరుకు రోడ్డు మీద పడింది, రైతు నా దగ్గరికి వచ్చాడు, నేను అతని కోసం ఆగాను. ప్రతి మాట పక్కన దాని జంట ఉంది. తన సంగతి చెప్పిన ప్రతి వాక్యం "ఐ"తో తిన్నగా నిలబడింది. నా ఉద్యోగం మొత్తంలో ఏ శిష్యుడూ అంత శుభ్రంగా రాయలేదు. మేనేజరు చేయి కలిపాడు. ఇల్లు, గది రెండూ నిలిచాయి.

బయటికి వచ్చి ఇద్దరం రోడ్డు దాకా నడిచాం. చెరుకు బండ్లు పోతున్నాయి.

"మాస్టర్, చావు కాగితంల డైడ్ ఆఫ్ ఫీవర్ అని రాసిన్రు. సరిగ్గానే రాసిన్రా?"

"సరిగ్గానే ఉంది ఉస్తాద్. అట్లనే అంటరు."

"డైడ్ ఆఫ్ అన్నంక రోగం పేరే రావాల్నా? దానికి కారణమైన మనిషి పేరు రావద్దా?"

నేను రోడ్డు వైపు చూశాను.

"మనిషి పేరు రాదు," అన్నాను చివరికి.

"మీ ఇంగ్లీషుల ఆ సౌకర్యం లేదన్న మాట," అన్నాడు. ఇంక ఆ సంగతి ఎత్తలేదు.

మీకు చెప్పేది

నేర్పే పద్ధతి ఏదైనా పెట్టుకోండి. నా పద్ధతి మంచిదే, ఇప్పటికీ అంటాను. జంటమాటలు ఒళ్లు కదిలితేనే వస్తాయి. కానీ పెద్దవాళ్లు చదువుకు వచ్చినప్పుడు భాష కోసం రారు. ఇల్లు నిలబెట్టుకోవడానికో, పరువు నిలబెట్టుకోవడానికో వస్తారు. వాళ్ల ముఖం మీద రాసి ఉండదు. అడిగి తెలుసుకోండి. తెలుసుకున్నాక కూడా మీరు చేయగలిగింది తక్కువే ఉంటుంది. ఒక్కోసారి మీరు నేర్పింది పూర్తిగా వచ్చేస్తుంది, దేనికోసం నేర్చుకున్నాడో అది మాత్రం చేయి దాటిపోయి ఉంటుంది. ఈ పనిలో గెలుపు చాలాసార్లు అట్లాగే వస్తుంది. దానికి సిద్ధంగా ఉండండి.

ఉస్తాద్ ఆ తర్వాత చాలా సీజన్లు కాంటా మీద ఉన్నాడు. ఆ ఇంట్లోనే ఉన్నాడు. నేను మాత్రం అక్కడికి పోవడం తగ్గించాను. ఆయనే వారానికోసారి తన కాగితాలు తీసుకుని బోధన్‌కు, నా గదికి వచ్చేవాడు, దిద్దమని. దిద్దడానికి వాటిలో ఏమీ ఉండేది కాదు. తప్పులు లేవని చెబితే ఆయన లేవాలి, చెప్పులు తొడుక్కోవాలి, ఇంటికి పోవాలి. అందుకని నేను వెతికి వెతికి ఒక మాట కింద గీత పెట్టేవాణ్ణి.

"ఇక్కడ ఎట్ కాదేమో ఉస్తాద్."

"ఎట్ ఎందుకు కాదు? ఎట్టే."

అది ఎట్టేనని నాకు తెలుసు. నాకు తెలుసునని ఆయనకూ తెలుసు. ఆ ఒక్క మాట మీద, ఆఖరి బస్సు హారన్ వినపడేదాకా, ఇద్దరం గట్టిగా వాదించుకునేవాళ్లం.